సైడిచ్చిన బండి



ఈవేళ మోటారు పందేల గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. "వర్లి చాళ్ళలో ఉండేవాళ్ళకి మోటారు పందేలేమిటండీ, అది రాజాలూ, మిల్లు ఓనర్లూ ఆడుకునే ఆట కదా" అని మీలో కొందరికి అనిపించవచ్చు. నాకూ చాలాకాలం అలాగే అనిపించింది. ఆ అభిప్రాయం పూర్తిగా తప్పని ఇప్పటికీ అనను. అయితే మా చాల్లోనే ఉండే ఒక పెద్దాయన నాకు ఈ పందేలను ఇంకో వైపు నుంచి చూడడం నేర్పాడు. ఆయన పందెం డ్రైవరు కాడు, ట్యాక్సీ డ్రైవరు. ఆయన సంగతి చెప్పాలంటే ముందు మన ఊరి సంగతి కొంచెం చెప్పాలి.

బొంబాయికి తెలుగువాళ్ళు పందేలాడడానికి రాలేదు, రాళ్ళు మోయడానికి వచ్చారు. పద్దెనిమిదో శతాబ్దం చివరి నుంచీ నిజాం ఇలాకాలోని తెలంగాణ జిల్లాల నుంచి వచ్చి, ఇక్కడి రోడ్లూ కట్టలూ మేడలూ కట్టిన కూలీలను కామాటీలన్నారు. వాళ్ళు కాపురమున్న చోటు కామాఠీపురా అయింది. తరువాత బట్టల మిల్లులు వచ్చాయి. మగ్గం పని తెలిసిన పద్మశాలీలు కుటుంబాలతో సహా వచ్చి మిల్లుల్లో చేరారు. 1920ల్లో బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంటువారు కట్టిన బి.డి.డి. చాళ్ళు మీకు తెలిసినవే. ఒక్క వర్లిలోనే 121 భవనాలు కట్టారు. ఒక్కొక్క ఖోలీ సుమారు 160 చదరపు అడుగులు. అందులోనే వంట, అందులోనే పడక, చుట్టాలొస్తే అందులోనే చోటు. ఒకరికొకరు దారి ఇచ్చుకోకపోతే ఆ వరండాల్లో బిందె పట్టుకుని నడవడం కూడా సాధ్యం కాదు.

1982 జనవరి 18న మిల్లుల సమ్మె మొదలైంది. తరువాత ఏమైందో మళ్ళీ చెప్పనక్కరలేదు. మగ్గాల దగ్గర నిలబడినవాళ్ళలో కొందరు ఊళ్ళకు తిరిగిపోయారు, కొందరు తోపుడు బండ్లు పెట్టుకున్నారు, కొందరు స్టీరింగు పట్టుకున్నారు. నేను చెప్పిన పెద్దాయన ఆ మూడో రకం. చాలంతా ఆయన్ని కాకా అనే పిలిచేది. నలుపూ పసుపూ రంగుల పద్మిని ట్యాక్సీ తోలేవాడు. ఇంజను శబ్దం విని దానికి జలుబు చేసిందో జ్వరం వచ్చిందో చెప్పగలిగేవాడు.

2005 మార్చి 6, ఆదివారం ఉదయం. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరంలో ఫార్ములా వన్ పందెం. ఆ పందెంలో మొట్టమొదటిసారిగా ఒక భారతీయుడు దిగుతున్నాడని పేపర్లన్నీ రాశాయి. పేరు నారాయణ్ కార్తికేయన్. కేబుల్ ఉన్న ఖోలీలో కుర్రాళ్ళంతా పోగయ్యారు. కాకా కూడా వచ్చి గుమ్మం దగ్గర కూర్చున్నాడు. వానవల్ల కలగాపులగమైన అర్హత పోటీలో మనవాడు 12వ స్థానం సంపాదించాడు. కుర్రాళ్ళ ఆశలు ఆకాశంలో ఉన్నాయి. తీరా పందెం మొదలయ్యేసరికి మొదటి చుట్టు తిరిగి రాకుండానే 18వ స్థానానికి పడిపోయాడు. ఆపైన ముందు నడిచే కార్లు ఒక చుట్టు అదనంగా తిరిగి వచ్చి వెనకనుంచి తరుముకొస్తుంటే, ఈయన పక్కకు తప్పుకుంటున్నాడు. మా కుర్రాళ్ళు ఉసూరుమన్నారు. "ఏంది కాకా, అందరికీ దారి ఇస్తనే ఉన్నడు" అన్నాడొకడు.

"సైడిచ్చుడు గూడ డ్రైవింగేరా బిడ్డా" అన్నాడు కాకా. "ఎట్ల ఇస్తున్నడో సూడు. బిరేకు కొట్టి భయపడి ఇస్తలేడు. తన వేగం తను ఉంచుకుంటనే ఇస్తున్నడు. గది నాకు గూడ శానా ఏండ్లకు వచ్చింది."

ఆనాటి పందెంలో ఏడుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన మైకేల్ షూమాకర్ మరో కారుతో గుద్దుకుని మధ్యలోనే దిగిపోయాడు. మన కొత్తవాడు గెలిచిన ఫిసికెల్లాకు రెండు చుట్లు వెనకగా, 15వ వాడుగా పందెం ముగించాడు.

కాకా చూసిన ఆ విషయానికి పందేల శాస్త్రంలో ఒక నియమం ఉంది. ఒక కారు మరో కారుకన్నా పూర్తి చుట్టు వెనకబడితే, దారి పక్కన నిలబడిన మనిషి దానికి నీలి జెండా చూపిస్తాడు. వెనక వేగంగా వచ్చే కారుకు దారి ఇమ్మని అర్థం. వరుసగా మూడు జెండాలు చూసీ ఇవ్వకపోతే శిక్ష పడుతుంది. వినడానికి ఇది సులువే. కాని పందెం దారిలో అందరూ నడిచే గీత ఒక్కటే ఉంటుంది. ఆ గీత మీద టైరు రబ్బరు అంటుకుని పట్టు బాగుంటుంది. పక్కకు తప్పుకున్నారో, అక్కడ దుమ్ము, టైర్లనుంచి రాలిన రబ్బరు ఉండలు. బండి జారుతుంది. వాన పడితే మరీ కష్టం. అంటే దారి ఇచ్చేవాడు ప్రతిసారీ తన క్షేమాన్నీ తన క్షణాలనూ కొంత వదులుకుంటున్నాడన్నమాట. ఎప్పుడు, ఏ మలుపులో, ఎటు వైపు ఇవ్వాలో ముందే నిర్ణయించుకోవాలి. నిర్ణయించుకుని మళ్ళీ మనసు మార్చుకోకూడదు. వెనకవాడికి ఈ బండి ఏం చేయబోతోందో తెలియాలి. మెల్లగా పోయేవాడికన్నా, ఏం చేస్తాడో తెలియనివాడంటేనే పెద్ద డ్రైవర్లకు భయం.

అసలు మన దేశంలో మోటారు పోటీల చరిత్ర మొదలైందే నమ్మకమైన బండి ఏదో తేల్చుకోవడం కోసం. 1904లో ఢిల్లీ నుంచి మన బొంబాయికి కార్ల పరీక్షాయాత్ర ఒకటి జరిగింది. ఆ రోడ్ల మీద ఎవరు ముందు వచ్చారన్న దానికంటే ఏ బండి చెడకుండా వచ్చిందన్నదే గొప్ప. వేగం పందేలు బాగా తరువాతి సంగతి. యుద్ధకాలంలో కట్టి వదిలేసిన విమానాల దారుల మీద అవి సాగాయి. మద్రాసుకు ఉత్తరాన షోలవరం అలాంటిదే. ఫియట్ కార్లు, అంటే మన కాకా పద్మినికి పెద్దక్కలు, అక్కడ పందేలాడాయి.

ఈ కథలో తెలుగు పాలు ఎక్కడుందంటే, కోయంబత్తూరులో ఉంది. అక్కడ తరతరాలుగా స్థిరపడ్డ తెలుగు నాయుళ్ళ కుటుంబాలున్నాయి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. 1910లో జి. కుప్పుస్వామి నాయుడుగారు స్థాపించిన లక్ష్మీ మిల్స్ ఆ కుటుంబాలలో ఒకరిది. చూడండి, వర్లి తెలుగువాడు మిల్లులో మగ్గం నడిపాడు, కోయంబత్తూరు తెలుగువాడు మిల్లే నడిపాడు. పందెం కార్లు ఎవరింట పుట్టాయో వేరే చెప్పాలా? ఆ లక్ష్మీ మిల్స్ కుటుంబంలోని ఎస్. కరివర్ధన్ 1980ల చివర ఒక మంచి పని చేశాడు. విదేశాల నుంచి లక్షలు పోసి తెప్పించే కార్లకు బదులు, మారుతి 800 ఇంజనుతో ఒక్కడు కూర్చునే చిన్న పందెం కారును ఇక్కడే తయారు చేయించాడు. దాన్ని ఫార్ములా మారుతి అన్నారు. డబ్బులేని కుర్రాళ్ళకు కూడా ఆ కార్లలో అవకాశమిచ్చేవాడని ఆ రోజులవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1995లో విమాన ప్రమాదంలో పోయాడు. కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలోని పందెం మైదానానికి ఆయన పేరే పెట్టారు.

నారాయణ్ కార్తికేయన్‌ది కూడా కోయంబత్తూరులోని తెలుగు మూలాలున్న కుటుంబమే. పుట్టింది 1977 జనవరి 14, సంక్రాంతి రోజుల్లో. తండ్రి జి.ఆర్. కార్తికేయన్ పేరున్న ర్యాలీ డ్రైవరు. దక్షిణ భారత ర్యాలీని ఏడుసార్లు గెలిచినవాడు. ర్యాలీ అంటే ఊళ్ళ మీదుగా, అడవుల మీదుగా సాగే దూరప్రయాణపు పోటీ. అందులో బండిని కాపాడుకోవడమే సగం విద్య. కొడుక్కి ర్యాలీ కాకుండా మైదానపు పందేలు పట్టుబడ్డాయి. శ్రీపెరుంబుదూరు దగ్గరి కొత్త మైదానంలో ఫార్ములా మారుతితో మొదలుపెట్టి, 1992లో ఫ్రాన్సు వెళ్ళి పందెం బడిలో చేరాడు. 1994లో ఇంగ్లండులో ఫార్ములా ఫోర్డ్ శీతాకాలపు పోటీలు గెలిచాడు. ఐరోపాలో ఛాంపియన్‌షిప్ గెలిచిన మొదటి భారతీయుడతనే. 1996లో ఫార్ములా ఆసియా ఛాంపియన్. 2001 జూన్‌లో సిల్వర్‌స్టోన్‌లో జాగ్వార్ వారి ఫార్ములా వన్ కారు నడిపి చూశాడు. ఆపైన కూడా సీటు దొరకడానికి నాలుగేళ్ళు పట్టింది. ఈ ఆటలో నైపుణ్యంతోపాటు డబ్బు సంచి కూడా తీసుకెళ్ళాలి. ఆ సంచిలో పెద్ద భాగం మన ముంబయిదే. టాటావారూ, భారత్ పెట్రోలియంవారూ వెనక నిలబడ్డారు.

2005 ఫిబ్రవరిలో జోర్డాన్ జట్టులో చోటు దొరికింది. ఒకప్పుడు పందేలు గెలిచిన జట్టే. అప్పటికి చిక్కిపోయి చేతులు మారింది. ఇద్దరు డ్రైవర్లూ కొత్తవాళ్ళే. రెండోవాడు పోర్చుగల్‌కు చెందిన టియాగో మోంటేరో. ఇక్కడ కొంచెం ఆగుతాను, ఎందుకంటే నేను చెప్పదలుచుకున్న విషయం ఈ ఇద్దరి మధ్యా ఉంది.

నిజం చెప్పాలంటే, వేగంలో మనవాడే కొంచెం చురుకు. మొదటి రెండు పందేలలోనూ మోంటేరోకన్నా ముందే నిలిచాడు. రెండోదైన మలేసియాలో 11వ స్థానం. కాని మోంటేరో వేరే లెక్క వేసుకున్నట్టు కనిపిస్తుంది. నా కారుతో గెలవలేను, కనుక నా కారును ఇంటికి చేరుస్తాను అన్నట్టుగా నడిపాడు. ఆ సంవత్సరం జరిగిన 19 పందేలలో 18 పూర్తి చేశాడు. వాటిలో మొదటి 16 వరుసగా. కొత్తగా వచ్చినవాడు అలా పూర్తి చేయడం అంతకు ముందు ఎన్నడూ లేదు. బండి బాగుచేసే మెకానిక్కులకు ఇలాంటి డ్రైవరంటే ప్రాణం. గుద్దిన బండిని రాత్రంతా కూర్చుని మళ్ళీ నిలబెట్టేది వాళ్ళే కదా. మనవాడు అలా లేడని నొచ్చుకుంటూనే చెప్పాలి. అక్టోబరులో చైనాలో జరిగిన ఆఖరి పందెంలో కారు గోడకు బలంగా తగిలి చెల్లాచెదురైంది. అదృష్టం, ఆయనకు ఏమీ కాలేదు.

ఆ సంవత్సరమే జూన్ 19న అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో జరిగిన పందెం చరిత్రలో నిలిచిపోయింది. ఆ ఏడాది నియమాల ప్రకారం టైర్లు మధ్యలో మార్చకూడదు. అక్కడ ఏటవాలుగా ఎత్తు కట్టిన 13వ మలుపులో మిషెలిన్ టైర్లు తట్టుకోలేకపోయాయి. శుక్రవారం సాధనలోనే రాల్ఫ్ షూమాకర్ కారు గోడకు కొట్టుకుంది. మా టైర్లు ఈ పందేనికి క్షేమం కాదని కంపెనీయే చెప్పింది. మలుపు దగ్గర వేగం తగ్గించే ఏర్పాటు చేయమని జట్లు అడిగాయి, అధికారులు ఒప్పుకోలేదు. చివరికి 20 కార్లూ వరుసలో ఒక చుట్టు తిరిగాక 14 కార్లు లోపలికి వెళ్ళిపోయాయి. బ్రిడ్జ్‌స్టోన్ టైర్లున్న ఆరు కార్లు మిగిలాయి. ఫెరారీలు రెండు, జోర్డాన్లు రెండు, మినార్డీలు రెండు. డబ్బు పెట్టి టికెట్టు కొన్న జనం ఈలలు వేశారు, సీసాలు విసిరారు.

ఆ కేకల మధ్య ఆరుగురూ పందెం పూర్తి చేశారు. షూమాకర్ మొదటివాడు, బారికెల్లో రెండు, మోంటేరో మూడు, నారాయణ్ నాలుగు. ఫార్ములా వన్‌లో భారతీయుడికి వచ్చిన మొదటి అయిదు పాయింట్లవి. "ఆరుగురిలో నాలుగోవాడా, ఇదేం గొప్ప" అని మరునాడు ఎగతాళి చేసినవాళ్ళు ఉన్నారు. మా చాల్లో కూడా ఉన్నారు. ఎగతాళిలో కొంత న్యాయం ఉందనే నేనంటాను, ఆరుగురి పందేన్ని ఇరవైమంది పందెమని చెప్పుకోలేం. కాని ఆ రోజు ఇంకో మాట కూడా ఉంది. క్షేమం కాదని తెలిసి 14 మంది ఆగిపోయారు చూడండి, పందెం చరిత్రలో అంతమంది అంత పెద్ద ఎత్తున జాగ్రత్తకు ఓటు వేయడం అరుదు. దానికి వాళ్ళను జనం తిట్టారు. నాకు మాత్రం వాళ్ళ మీద కోపం రాలేదు.

ఆ ఏడాది తరువాత నారాయణ్‌కు అయిదేళ్ళు ఫార్ములా వన్‌లో పందెం సీటు దొరకలేదు. 2010లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. 2011లో హిస్పానియా అనే స్పానిష్ జట్టుతో తిరిగి వచ్చాడు. జోర్డాన్ చిక్కిపోయిన జట్టయితే, ఇది పుట్టుకతోనే బక్కచిక్కినది. అందరికన్నా వేగంగా తిరిగినవాడికి ఒక చుట్టుకు 100 సెకన్లు పట్టిందనుకుంటే, మిగతావాళ్ళు 107 సెకన్లలోపు తిరిగితేనే పందేనికి అర్హులని ఆ ఏడాది నియమం పెట్టారు. మొదటి పందెంలోనే ఈ జట్టు కార్లు రెండూ ఆ గీత దాటలేక ఇంటిదారి పట్టాయి.

ఆ ఏడాది జూన్ 26న స్పెయిన్‌లోని వలెన్సియాలో జరిగిన పందెం నాకు చాలా ఇష్టం. 24 కార్లు బయలుదేరాయి. 24 కార్లూ గమ్యం చేరాయి. ఒక్క బండీ మధ్యలో ఆగిపోలేదు. అన్ని కార్లు గమ్యం చేరిన పందెం అంతకు ముందు లేదు. అందులో ఆఖరివాడు నారాయణ్. ఫార్ములా వన్ చరిత్రలో 24వ స్థానంలో పందెం ముగించిన మొదటి మనిషి! రికార్డుల పుస్తకంలో ఇలాంటి పేజీ కూడా ఉంటుంది. కాకాకు ఈ సంగతి చెబితే, "అందరికన్న ఎక్కువసార్లు సైడిచ్చినోడు గూడ ఆయనే గద" అని నవ్వాడు. లెక్క సరిపోయింది.

ఆ మరుసటి పందెం నుంచి ఆయన సీటు ఆస్ట్రేలియా కుర్రాడు డేనియల్ రికియార్డోకు వెళ్ళింది. అక్టోబరు 30న ఢిల్లీ దగ్గర గ్రేటర్ నోయిడాలో, మన దేశంలో జరిగిన మొదటి ఫార్ములా వన్ పందేనికి మాత్రం నారాయణ్‌ను మళ్ళీ కూర్చోబెట్టారు. అదే నెలలో వారం వ్యవధిలో డాన్ వెల్డన్ అనే కారు డ్రైవరూ, మార్కో సిమోన్‌చెల్లి అనే మోటారు సైకిలు వీరుడూ పందేలలోనే ప్రాణాలు పోగొట్టుకున్నారు. పందేనికి ముందు డ్రైవర్లందరూ వారికోసం ఒక నిమిషం మౌనం పాటించారు. ఆ మౌనం తరువాత సొంత జనం ముందు నడపడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. నారాయణ్ తొందరపడలేదు. 17వ వాడుగా వచ్చాడు. అదే జట్టులో నడిపిన రికియార్డో ఆయన వెనక, 18వ స్థానంలో వచ్చాడు. తరువాతి కాలంలో ఎన్నో పందేలు గెలిచిన రికియార్డో ఇతనే.

ఇక చివరి ఘట్టం. 2012 మార్చి 25, మలేసియాలోని సెపాంగ్. నారాయణ్ అందరికన్నా వెనక వరుసలో ఉన్నాడు. వాన వస్తుందని నమ్మి, పూర్తి వాన టైర్లతోనే బయలుదేరాడు. వాన నిజంగానే ముంచెత్తింది. మిగతావాళ్ళలో చాలామంది టైర్లు మార్చుకోవడానికి లోపలికి పరుగెత్తగా, ఈయన సాగిపోయాడు. వాన భరించలేక పందెం ఆపేసిన సమయానికి ఆ బక్క కారు 10వ స్థానంలో ఉంది! జాగ్రత్తకు కూడా ఒక్కోసారి పంట పండుతుంది. మళ్ళీ మొదలయ్యాక, ప్రపంచ ఛాంపియన్ అయి ఉన్న జెన్సన్ బటన్ ఈయన కారును తగిలి ముందు రెక్క విరగ్గొట్టుకున్నాడు. తప్పు నాదేనని బటన్ ఒప్పుకున్నాడు. పందెం చివరికొస్తుండగా, అప్పటికి రెండుసార్లు ఛాంపియన్ అయిన సెబాస్టియన్ వెటెల్ ఈయనను దాటుతూ తగిలాడు. వెటెల్ టైరు చిరిగింది, నాలుగో స్థానం పోయింది, 11వ వాడుగా మిగిలాడు. ఆ కోపంలో నారాయణ్‌ను మూర్ఖుడన్నాడు. పందెం పెద్దలు నారాయణ్‌కే 20 సెకన్ల శిక్ష వేశారు. తాను పక్కకు జరిగే ఉన్నాననీ, ఒక ఛాంపియన్ నోట అలాంటి మాట రాకూడదనీ నారాయణ్ బదులు చెప్పాడు.

ఇద్దరు ఛాంపియన్లు, ఒకే రోజు, ఒకే బక్క కారు. ఒకాయన నా తప్పన్నాడు, ఒకాయన వాడి తప్పన్నాడు. పెద్దల తీర్పు ఉండనే ఉంది. నేను ఆ దృశ్యాన్ని ఎన్నిసార్లు చూశానో. నాకు తోచినంతలో ఇద్దరూ ఒక్క జానెడు ఎక్కువ ఆశపడ్డారు. నేను ఈ మాట కాకాతో అంటే ఒప్పుకోలేదు. "దాటేటోనికే ఎక్కువ జిమ్మేదారి. ఎనక నుంచి సూసేది ఆయన గద" అన్నాడు. ట్యాక్సీ తోలినవాడి న్యాయం అది. వర్లి నాకా దగ్గర పెద్ద కార్లు తన పద్మినిని ఎలా దాటేవో ఆయనకు తెలుసు.

ఆ ఏడాదితో హిస్పానియా జట్టు మూతపడింది. నారాయణ్ ఫార్ములా వన్ కథ 46 పందేల దగ్గర ఆగింది. ఆయన జపాన్ వెళ్ళి అక్కడ చాలా ఏళ్ళు నడిపాడు. 2023 ఫిబ్రవరి 11న మన హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున విద్యుత్తుతో నడిచే కార్ల ప్రపంచ పోటీ కూడా జరిగింది. కరీంనగర్, సిరిసిల్ల, నల్గొండలకు సెలవులకు వెళ్ళిన మన చాళ్ళ కుర్రాళ్ళు కొందరు దాన్ని కంచె బయట నిలబడి చూసి వచ్చారు.

అదే సంవత్సరం అక్టోబరు చివర, ముంబయి రోడ్ల మీద ఆఖరి పద్మిని ట్యాక్సీకి గడువు తీరింది. కాకా బండి అంతకు చాలా ముందే తుక్కుకు వెళ్ళింది. దాని స్టీరింగు చక్రం మాత్రం ఇప్పటికీ ఆయన ఖోలీలో, గోడకు, దేవుడి పటాల పక్కన మేకుకు వేలాడుతూ ఉంటుంది. మొన్న వెళ్ళినప్పుడు మనవడు దాన్ని దించి నేల మీద కూర్చుని తిప్పుతున్నాడు. నోటితో ఇంజను శబ్దం చేస్తూ నన్ను దాటబోయి, నా కాలు అడ్డం రాగానే ఆగాడు. కాకా మంచం మీద నుంచి, "హారన్ కొట్టు, హారన్ కొట్టు, గప్పుడు పో" అంటున్నాడు.